మెర్సిడెస్ ఎస్500 కారు ఐదు లీటర్ల పెట్రోలు ఇంజన్‌కు ఆయిలు, ప్లగ్గులు, కూలెంటు ఇంటి దగ్గర మార్చుకోవడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు ఉన్న మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. పాత ఎస్‌క్లాసు చౌకగా దొరికిందని కొన్నాం, కంపెనీ సర్వీసు కావాలంటే ఇటు విశాఖపట్నమో అటు భువనేశ్వరో వెళ్లాలి, ఇంట్లో చేసుకోగలిగిన పని ఏది, చేయకూడనిది ఏది అని. ఈ వ్యాసంలో మెర్సిడెస్ ఎస్‌క్లాసులో డబ్ల్యూ220 అనే సంకేతమున్న తరం ఎస్500లో వచ్చిన ఎం113 రకం ఇంజన్‌ను మాత్రమే తీసుకున్నాను. ఇదే ఐదు లీటర్ల ఇంజన్ సీఎల్500, ఎస్ఎల్500, ఎంఎల్500, ఇ500 కార్లలో కూడా ఉంది కనుక ఆ కార్లవారికి కూడా చాలామటుకు ఇదే పద్ధతి పనికొస్తుంది. ఎస్600లోని పన్నెండు సిలిండర్ల ఇంజన్‌కు ఇరవైనాలుగు ప్లగ్గులు ఉంటాయి. దాని జోలికి ఇంటి దగ్గర వెళ్లకండి.

ముందుగా తెలియవలసిన కొలతలు

ఇది 90 డిగ్రీల కోణంలో రెండు వరుసలుగా అమర్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్. సామర్థ్యం 4,966 సీసీ, బోరు 97 మిల్లీమీటర్లు, స్ట్రోకు 84 మిల్లీమీటర్లు, కంప్రెషన్ నిష్పత్తి 10:1. నిమిషానికి 5,600 చుట్ల వద్ద 306 హార్స్‌పవర్, 2,700 నుంచి 4,250 చుట్ల మధ్య 460 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. ప్రతి సిలిండరుకు రెండు ఇన్‌లెట్ వాల్వులు, ఒక ఎగ్జాస్టు వాల్వు, రెండు స్పార్కు ప్లగ్గులు ఉంటాయి. అంటే మొత్తం పదహారు ప్లగ్గులు, పదహారు ప్లగ్గు తీగలు, ప్లగ్గులకు కరెంటు అందించే ఎనిమిది కాయిల్సు (సిలిండరుకు ఒకటి). ఫైరింగ్ క్రమం 1-5-4-2-6-3-7-8. సీట్లో కూర్చుని ముందుకు చూస్తే కుడి వరుసలో ముందు నుంచి వెనక్కు 1 నుంచి 4 వరకు, ఎడమ వరుసలో 5 నుంచి 8 వరకు సిలిండర్లు ఉంటాయి. వాల్వుల టైమింగుకు బెల్టు కాదు, చైను ఉంటుంది కనుక ఇన్ని వేల కిలోమీటర్లకు బెల్టు మార్చాలన్న లెక్క ఇక్కడ లేదు.

బ్లాకు, దాని మీద సిలిండర్లకు మూతల్లా కూర్చునే హెడ్లు అల్యూమినియం. సిలిండరు గోడలు కూడా ఇనుప లైనర్లు కావు, అల్యూమినియం-సిలికాన్ మిశ్రమంతో చేసినవి. అందువల్ల మామూలు షెడ్డులో బోరు కొట్టించుకునే అవకాశం ఉందనుకుని ఈ ఇంజన్‌ను నిర్లక్ష్యం చేయకండి. నా అనుభవంలో ఈ ఇంజన్‌ను పాడుచేసేది ఎక్కువ తిరగడం కాదు. వేడి, కొలత తప్పిన ఆయిలు, తప్పు ద్రవాలు, నెలల తరబడి కదలకుండా నిలబెట్టడం, ఈ నాలుగే దీనికి చేటు.

కావలసినవి

మెర్సిడెస్ 229.5 ఆమోదం డబ్బా మీద అచ్చయి ఉన్న సింథటిక్ ఆయిలు 9 లీటర్లు (ఇంజన్‌కు పట్టేది ఫిల్టరుతో కలిపి సుమారు 8 లీటర్లు), ఓరింగులతో (లీకు ఆపే రబ్బరు చుట్లతో) సహా వచ్చే ఆయిల్ ఫిల్టరు, 74 మిల్లీమీటర్ల పద్నాలుగు పలకల ఫిల్టరు మూత పానా, ఆయిలు లాగే పంపు, లీటర్ల గీతలున్న పాత్ర, టార్కు పానా, లోపల రబ్బరు ఉన్న 16 మిల్లీమీటర్ల ప్లగ్గు సాకెట్టు, పొడవాటి ఎక్స్‌టెన్షన్లు, 17 మిల్లీమీటర్ల రెండు నోళ్ల పానా, టార్క్స్ పానాల సెట్టు, పదహారు ప్లగ్గులు, మెర్సిడెస్ 325.0 ఆమోదం ఉన్న నీలి-పచ్చ కూలెంటు (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), డిస్టిల్డు వాటరు, చేతి తొడుగులు, టార్చిలైటు.

ఆయిలు విషయంలో ఒక మాట. మన ప్రాంతపు దుకాణాల్లో ఇంజన్ ఆయిలును “మొబిల్” అనడం అలవాటు. కౌంటరు దగ్గర ఆ మాట ఒక్కటే చెబితే చేతికి వచ్చేది సాధారణంగా 20డబ్ల్యూ-50 డబ్బా. పాత అంబాసిడరుకు సరిపోయిన ఆయిలు దీనికి సరిపోదు. 0డబ్ల్యూ-40 గానీ 5డబ్ల్యూ-40 గానీ కావాలని అడగండి, ఆపైన డబ్బా వెనక్కి తిప్పి 229.5 అన్న అంకె మీ కళ్లతో చదవండి. చిక్కదనం అంకె ఒకటే అయినంత మాత్రాన ఆమోదం ఉన్నట్టు కాదు.

ఆయిలు మార్చడం

1. బండిని చదునైన నేల మీద నిలపండి. పది, పదిహేను కిలోమీటర్లు నడిపి వచ్చి ఇంజన్ ఆపాక పది నిమిషాలు ఆగండి. ఆయిలు వేడిగా ఉంటేనే పలచబడి పూర్తిగా దిగుతుంది, కానీ చేయి కాలేంత వేడి అక్కరలేదు.

2. ఈ ఇంజన్‌లో ఆయిలును పైనుంచే, డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూసే పుల్ల) గొట్టం గుండా లాగేయవచ్చు. డబ్ల్యూ220లో చాలా బండ్లకు డిప్‌స్టిక్ ఉండదు, గొట్టానికి మూత మాత్రమే ఉంటుంది. ఆ మూత తీసి పంపు గొట్టాన్ని అడుగు తగిలేదాకా దింపండి, కొంచెం వెనక్కి తీసి లాగడం మొదలుపెట్టండి. గాలి లాగుతున్న చప్పుడు వచ్చాక గొట్టాన్ని అటూ ఇటూ కదిపి మళ్లీ ఒకసారి లాగండి.

కింద నుంచి బోల్టు తీసి దింపడమే మీకు నమ్మకమైతే అలాగే చేయండి, రాగి వాచరు మాత్రం కొత్తది వేయండి. అయితే ఈ కారుకు గాలి సస్పెన్షన్ ఉందని మరచిపోకూడదు. బండి నిలబడి ఉండగానే, ఎవరూ ముట్టుకోకుండానే, కిందికి దిగిపోవచ్చు. జాకీ మీద మాత్రమే నిలిపిన ఈ కారు కిందికి ఎవరూ దూరకండి. జాకీ పాయింట్ల దగ్గర స్టాండ్లు పెట్టాకే దూరండి.

3. బయటకు వచ్చిన ఆయిలు ఎన్ని లీటర్లో కొలిచి కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్ల నేను నష్టపోయాను. మొదటిసారి నా పంపు ఆరున్నర లీటర్లు మాత్రమే లాగింది, నేను మాన్యువల్ చూసి ఎనిమిదీ పోసేశాను. ఒకటిన్నర లీటరు ఎక్కువైంది. క్రాంకు తిరుగుడుకు ఆయిలు నురగ కట్టి, బ్రీదరు (ఇంజన్ లోపలి ఆవిరి బయటకు పోయే దారి) గుండా ఇన్‌టేకులోకి, అంటే ఇంజన్ గాలి పీల్చుకునే దారిలోకి వెళ్లి, గోపాలపురం వెళ్లే దారిలో వెనక నీలి పొగ కమ్ముకుంది. అదనంగా పోసిన ఆయిలును మళ్లీ లాగేయడానికి అరగంట పట్టింది. ఇన్‌టేకు శుభ్రం చేసుకోవడానికి ఒక ఆదివారం పూర్తిగా పోయింది.

4. ఫిల్టరు మూత ఇంజన్ ముందు భాగంలో పైనే కనిపిస్తుంది. చుట్టూ గుడ్డ పెట్టి మూత విప్పండి, పాత ఫిల్టరు లాగేయండి, మూత మీదా మధ్య కాడ మీదా ఉన్న పాత ఓరింగులన్నీ తీసేయండి. వాటిలో ఒకటి లోపలే అతుక్కుపోయి, దాని మీద కొత్తది ఎక్కించడం మామూలుగా జరిగే పొరపాటు. అలా చేస్తే ఇంజన్ స్టార్టు కాగానే ఆయిలు చిమ్ముతుంది. కొత్త ఓరింగులకు ఆయిలు పూసి ఎక్కించి, మూతను 25 న్యూటన్ మీటర్లకు బిగించండి. ఆ అంకె మూత మీదే అచ్చయి ఉంటుంది.

5. కాగితం మీద రాసుకున్న కొలతకు అర లీటరు తక్కువగా ఆయిలు పోయండి. ఇంజన్ స్టార్టు చేసి, ఆయిలు హెచ్చరిక పోయిందో లేదో చూసి, ఒక నిమిషం నడిపి, ఫిల్టరు మూత దగ్గరా అడుగు బోల్టు దగ్గరా టార్చి వేసి చూడండి.

6. ఇంజన్ ఆపి ఐదు నిమిషాలు ఆగి, తాళం తిప్పి మీటర్ల తెరలో ఆయిలు మట్టం చూడండి. ఒక లీటరు పోయమంటే ముందు అర లీటరే పోసి మళ్లీ చూడండి. వాలు నేల మీద చూసిన లెక్క లెక్క కాదు.

తీసిన ఆయిలును కాలువలో పోయకండి. పాత ఆయిలు కొనేవాళ్లు ప్రతి పట్టణంలోనూ ఉంటారు.

ఆయిలు ఎన్నాళ్లకు మార్చాలని అడిగితే, బండి ఎంత తక్కువ తిరిగినా ఏడాదికి ఒకసారి తప్పనిసరి, ఎక్కువ తిరిగితే పది వేల కిలోమీటర్లకు మార్చండి అంటాను. కారులో సర్వీసును గుర్తుచేసే మీటరు అంతకంటే ఎక్కువ దూరం చూపవచ్చు. సముద్రపు తేమలో చిన్న చిన్న ప్రయాణాలే ఎక్కువగా చేసే మన బండ్లకు ఆ లెక్కను నేను నమ్మను. వెయ్యి కిలోమీటర్లకు 0.8 లీటరు వరకు ఆయిలు తగ్గడాన్ని కంపెనీ మాన్యువల్ ఒప్పుకుంటుంది. అంతవరకు రాకముందే వాల్వు కవరు గ్యాస్కెట్లనూ, వాటి పైన ఉండే బ్రీదరు మూతలనూ చూడండి. కాలిన ఆయిలు వాసన క్యాబిన్‌లోకి వస్తోందంటే చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

పదహారు ప్లగ్గులు

ఇక్కడే ఓపిక కావాలి. మొదటిసారి చేసేవారికి ఒక పూట పూర్తిగా పడుతుంది, తొందరపడితే హెడ్డు మరలు పోతాయి. ప్లాటినం ప్లగ్గులు లక్ష కిలోమీటర్లు వస్తాయి కనుక ఇది తరచూ చేసే పని కాదు. కానీ సెకండ్ హ్యాండు బండి కొన్నవారు, పాతవి ఎప్పుడు వేశారో రుజువు లేకపోతే, ఒకసారి తీసి చూడడం మంచిది.

1. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి నిలిపిన బండిని ఉదయం పట్టుకోండి. వేడి అల్యూమినియం హెడ్డులోంచి ప్లగ్గు తీస్తే మర కూడా దానితో పాటు ఊడిరావచ్చు.

2. ఇంజన్ మీద కప్పి ఉండేదే గాలి ఫిల్టర్ల పెట్టె. ముందు గాలి గొట్టాలు విప్పి, పెట్టెను నెమ్మదిగా పైకి లేపండి. వెనుక వైపు గాలి కొలిచే సెన్సారుకు అది బిగువుగా తగులుకుని ఉంటుంది, విదిలిస్తే సెన్సారు విరుగుతుంది. లోపలి రెండు ఫిల్టర్లు కూడా ఇప్పుడే చూసేయండి.

3. ఒక సిలిండరు పూర్తి చేశాకే రెండో దానికి వెళ్లండి. పదహారు తీగలూ ఒకేసారి ఊడదీసి గుట్టగా పెట్టుకుని, తరువాత ఏది ఎక్కడిదో తెలియక ఫోన్ చేసినవారు ఒక్కరు కాదు.

4. ప్లగ్గు తీగను పట్టుకుని లాగకండి. చివరన ఉన్న లోహపు తొడుగుకు 17 పానా తగిలించి, ఇటు కొంచెం అటు కొంచెం తిప్పి, పట్టు వదిలాక సన్నగా మీటి తీయండి. తీగ పట్టుకు లాగితే లోపలి పోగు తెగుతుంది, పైకి కనిపించదు.

5. ప్లగ్గు గుంటలో గాలి ఊది ఇసుక, దుమ్ము తీసేయండి. గుంటలో ఉన్న రాయి ప్లగ్గు తీయగానే సిలిండరులో పడుతుంది.

6. పావు చుట్టు విప్పండి, గట్టిగా అనిపిస్తే పట్టేసిన మరను వదిలించే నూనె వేసి పది నిమిషాలు ఆగండి, కొంచెం బిగించి మళ్లీ విప్పండి. బలం చూపించే చోటు కాదిది.

7. కొత్త ప్లగ్గు గ్యాపు 1.0 మిల్లీమీటరు ఉందో లేదో చూసి, రబ్బరు గొట్టం ముక్కకు తగిలించి చేత్తో మర పట్టించండి. మూడు నాలుగు చుట్లు చేతికే తిరగాలి. మొదటి చుట్టులోనే బిగువు వస్తే మర అడ్డంగా పడిందన్నమాట, వెనక్కి తీసేయండి. ఆఖరి బిగింపు 28 న్యూటన్ మీటర్లు. మరలకు గ్రీజు పూయకండి; పూస్తే టార్కు పానా చూపే అంకె తప్పుతుంది.

తీసిన ప్లగ్గులను పారేయకండి. అట్ట ముక్కకు పదహారు చిల్లులు పెట్టి, సిలిండరు అంకెలు రాసి, వరుసగా గుచ్చండి. ఈ ఇంజన్‌లో ఒకే సిలిండరు లోపల రెండు ప్లగ్గులు ఉండడం మనకు కలిసివచ్చే అంశం. జంటలో ఒకటి లేత గోధుమ రంగులో ఉండి రెండోది మసిబారితే, తప్పు ఆ ఒక్క ప్లగ్గుదో, తీగదో, కాయిల్ సగానిదో అనుకోవాలి. రెండూ ఒకేలా మసిబారినా, ఒకేలా తెల్లగా పొక్కినా, తప్పు పెట్రోలు-గాలి వైపు ఉంది. మరల చుట్టూ ఆయిలు తడి ఉంటే వాల్వు కవరు గ్యాస్కెట్టు కారుతోంది, మొనకే ఆయిలు అంటితే సిలిండరు లోపలి జబ్బు.

ఇదే ఏర్పాటు మనల్ని మోసం కూడా చేస్తుంది. రెండింట్లో ఒక ప్లగ్గు చచ్చిపోయినా రెండోది మంట వెలిగిస్తుంది కనుక నడుపుతున్నప్పుడు లోపం దాదాపు తెలియదు. సాలూరు-కొరాపుట్ దారిలోని సుంకి ఘాటు లాంటి ఎక్కుడులో, నలుగురు కూర్చుని ఏసీ వేసినప్పుడు మాత్రమే సన్నని కుదుపు వస్తుంది. అందుకని పని అయ్యాక ఇంటి ముందు ఇంజన్ మెత్తగా తిరుగుతోందని తృప్తి పడకుండా, కారుకు సరిపడే, లోపాల కోడ్‌లు చదివే స్కానరు పెట్టి ఒక్కొక్క సిలిండరు మిస్‌ఫైర్ (మంట తప్పిన) లెక్క చూడండి. 0301 నుంచి 0308 వరకు వచ్చే కోడ్‌లో చివరి అంకె సిలిండరు సంఖ్య. కోడు వస్తే కొత్త కాయిల్ కొనే ముందు ఆ కాయిల్‌ను పక్క సిలిండరుకు మార్చి చూడండి. కోడు కూడా దానితో పాటు కదిలితే అప్పుడు కొనండి.

కూలెంటు

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీయాలి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే ముఖం కాలుతుంది. కూలెంటూ డిస్టిల్డు వాటరూ సగం సగం కలపండి. బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాలు అల్యూమినియం దారుల్లో పొర కడతాయి. చిన్న ఊళ్లలో డిస్టిల్డు వాటరు అంటే తెలియకపోవచ్చు, బ్యాటరీ దుకాణంలో “బ్యాటరీ వాటర్” అని అడగండి. అదే దుకాణంలో అలాంటి డబ్బాల్లోనే యాసిడ్ కూడా అమ్ముతారు కనుక చీటీ చదివి తెచ్చుకోండి. వేరే రంగు కూలెంటు ఇప్పటికే ఉంటే దాని మీద కలపకండి, మొత్తం దింపి శుభ్రమైన నీటితో కడిగి కొత్తది పోయండి.

పోసేటప్పుడు హీటరు పూర్తి వేడి వైపు తిప్పి ఉంచాలి. లేకపోతే హీటరు దారిలో గాలి నిలిచిపోతుంది. ఇంజన్ వేడెక్కి థర్మోస్టాటు (వేడిని బట్టి కూలెంటు దారి తెరిచే వాల్వు) తెరుచుకుని పై గొట్టం వేడెక్కాక ఆపి, చల్లారాక మళ్లీ మట్టం చూడండి. మరునాడు ఉదయం మూడోసారి కూడా చూడండి. మొదటి రోజు కొంచెం తగ్గడం గాలి బయటకు పోవడం వల్ల, మూడో రోజూ తగ్గుతూనే ఉంటే లీకు ఉన్నట్టు.

నడిపేటప్పుడు వేడి చూపే సూది 85 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండడం సహజం. సాలూరు నుంచి కొరాపుట్‌కు ఎండలో ఎక్కేటప్పుడు ఇంకొంచెం పెరిగినా భయం లేదు. 110 దాటుతూ ఉంటే ఏసీ ఆపి, హీటరు వేసి, నీడ చూసి బండి ఆపండి. అల్యూమినియం హెడ్డు ఒకసారి వంగితే దాని ఖర్చు మీరు కొన్న కారు ధరను దాటిపోవచ్చు.

పెట్రోలు, నిలుపుడు, వరద

ఈ ఇంజన్‌కు 95 ఆక్టేను కావాలి. ట్యాంకు మూత లోపలి చీటీ చూడండి. తక్కువ ఆక్టేను పోస్తే నాక్ సెన్సార్లు (సిలిండరులో తప్పుగా మండే చప్పుడును పట్టేవి) ప్లగ్గు మంట టైమింగును వెనక్కి లాగి ఇంజన్‌ను కాపాడతాయి, బలం మాత్రం తగ్గుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇరవై శాతం ఇథనాలు పెట్రోలును దృష్టిలో పెట్టుకుని ఈ కారును తయారు చేయలేదు. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది కనుక తీర ప్రాంతంలో సగం ట్యాంకుతో నెలల తరబడి నిలపకండి. వారానికి ఒకసారి అరగంటైనా రోడ్డు మీద నడపండి. ఇంటి ముందు స్టార్టు చేసి ఐదు నిమిషాల్లో ఆపేస్తే ఆయిలులోని నీరు ఆవిరి కాక చెడు ఎక్కువవుతుంది. వర్షాకాలంలో బానెట్టు ఎత్తి ఎలుకలు గూడు పెట్టాయేమో చూడడం కూడా ఈ పనిలో భాగమే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచినప్పటి లాంటి పరిస్థితిలో కారు నీటిలో నిలిస్తే, నీరు తగ్గిన వెంటనే తాళం తిప్పకండి. సిలిండరులో నీరుంటే పిస్టను దానిని నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బ్యాటరీ వేరు చేసి, గాలి పెట్టె తెరిచి, ఫిల్టర్లు తడిసి ఉంటే పదహారు ప్లగ్గులూ తీసి, ఆయిలు పాల రంగుకు మారిందేమో చూశాకే ముందడుగు వేయండి.

చివరిగా, తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటి. దూరం నడిచాక, వేడి మీద ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోతుంది, అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. చాలామంది పెట్రోలు పంపు మార్పించి డబ్బు పోగొట్టుకుంటారు. ముందు క్రాంకు సెన్సారును (ఇంజన్ తిరుగుడును కంప్యూటరుకు తెలిపేదాన్ని) అనుమానించండి. ఇంజన్ వెనుక గేరుబాక్సు కలిసే చోట ఒకే బోల్టుతో ఉంటుంది, పంపు కంటే చాలా చౌక. ఆగిపోయిన క్షణంలో స్టార్టరు తిప్పుతూ చుట్ల మీటరు చూడండి. సూది అసలు కదలకపోతే అనుమానం బలపడినట్టే. స్కానరులో ఇంజన్ చుట్లు సున్నా చూపితే సెన్సారు మార్చేయండి.